ఈఈజీ నార్మల్ వచ్చింది, మరి మాత్రలెందుకు?

పాఠకుల ప్రశ్నలు, న్యూరాలజీ డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష గురించే. బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు రాసినవి కొన్ని, హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి పరీక్షల కోసం ఇక్కడికి వచ్చి వెళ్ళేవాళ్ళు రాసినవి కొన్ని. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. పేర్లు వేయడం లేదు.

డాక్టరు గారూ, మా అబ్బాయికి 21 ఏళ్ళు. మారతహళ్ళిలో పీజీలో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాడు. పోయిన నెల పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడట. రూమ్మేట్లు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎమ్మారై నార్మల్, ఈఈజీ నార్మల్. అయినా ఇది ఫిట్సేనని చెప్పి మాత్రలు రాశారు. అన్నీ నార్మల్ అయితే మాత్రలెందుకని వాడు మానేస్తానంటున్నాడు. (మదనపల్లె నుంచి ఒక తల్లి)

డాక్టరును మళ్ళీ కలిసేదాకా ఒక్క పూట కూడా మాననివ్వకండమ్మా. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా ఫిట్స్ రావచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీ ప్రశ్న. మెదడులో నరాల కణాలు పనిచేసేటప్పుడు చాలా కొద్దిగా విద్యుత్తు పుడుతుంది. నెత్తి మీద ఇరవై చోట్ల చిన్న లోహపు బిళ్ళలు అతికించి దాన్ని గీతలుగా నమోదు చేయడమే ఈఈజీ. జర్మనీలోని యేనా ఊళ్ళో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి దీన్ని రికార్డు చేసి, 1929లో ప్రచురించాడు. గుండెకు తీసే ఈసీజీ మిల్లీవోల్టుల్లో ఉంటే ఇది మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పది లక్షల వంతుల లెక్కన. పైగా మధ్యలో పుర్రె ఎముక, చర్మం అడ్డం. మెదడు పైపొరలో సుమారు 10 చదరపు సెంటీమీటర్ల మేర కణాలన్నీ ఒక్కసారిగా రేగితే తప్ప పైనున్న బిళ్ళకు అది అందదు. లోపలి మడతల్లో, చిన్న చోట పుట్టిన అలజడి బయటికి కనిపించకుండానే పోవచ్చు.

అంతకన్నా పెద్ద సంగతి టైము. మామూలు ఈఈజీ 20 నుంచి 30 నిమిషాలు తీస్తారు. అరగంట సేపు కిటికీలోంచి చూసి వాన పడలేదు కాబట్టి ఈ ఊళ్ళో వానలే లేవు అంటే ఎలా ఉంటుందో, ఒక నార్మల్ ఈఈజీ చూసి ఫిట్స్ లేవనడం అలాగే ఉంటుంది. నిజంగా మూర్ఛ జబ్బు ఉన్నవాళ్ళలో కూడా మొదటి ఈఈజీలో గుర్తు దొరికేది సగం మందికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువ మందికే. మళ్ళీ తీస్తే, అందులోనూ నిద్రలో తీస్తే, ఇంకొందరిలో బయటపడుతుంది. కొందరికి ఎన్నిసార్లు తీసినా నార్మలే వస్తుంది, ఫిట్స్ మాత్రం వస్తూనే ఉంటాయి.

మరి డాక్టరు దేన్ని బట్టి చెప్పారంటారా? చూసినవాళ్ళ మాటను బట్టి. పడిపోయే ముందు ఏం చేస్తున్నాడు, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ఒళ్ళు ముందు బిగుసుకుందా, నాలుక పక్కన కరుచుకున్నాడా, లేచాక ఎంతసేపు అయోమయంగా ఉన్నాడు. ఈ వివరాలకున్న విలువ ఏ మెషీనుకూ లేదని నేను గట్టిగా నమ్ముతాను. మీ వాడిని ఒకటి అడగండి. పొద్దున లేచిన గంటలో చేతులు ఉలిక్కిపడినట్టు ఎగిరి బ్రష్షో కాఫీ గ్లాసో ఎప్పుడైనా జారిపోయిందా? నిద్ర చాలని రోజుల్లో అది ఎక్కువగా ఉందా? అవునంటే, ఈ వయసులో తరచుగా కనిపించే ఒక రకం మూర్ఛ ఉంది, జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. నైట్ షిఫ్టులు, తెల్లవార్లూ మేలుకోవడం దానికి సరిగ్గా పడని విషయాలు. ఈ పిల్లలు చేతుల ఉలికిపాటును జబ్బనుకోరు, కంగారు అనుకుని ఎవరికీ చెప్పరు, డాక్టరు అడిగితేనే బయటపడుతుంది. మీ డాక్టరు బహుశా అడిగే ఉంటారు.

ఇలాంటి చోట ఈఈజీ మళ్ళీ తీయడం వల్ల నిజమైన లాభం ఉంది. రాత్రి నిద్ర తగ్గించి, పొద్దున్నే, నిద్రపోతుండగానూ మెలకువ వచ్చే సమయంలోనూ తీస్తే సెకనుకు 4 నుంచి 6 సార్లు వచ్చే ప్రత్యేకమైన స్పైకులు, అంటే సూది మొనల్లాంటి గీతలు, దొరకవచ్చు. దొరికితే ఏ మందు వాడాలి అన్నది తేలుతుంది, ఎందుకంటే మిగతా రకాల ఫిట్స్‌కు బాగా పనిచేసే కార్బమజెపీన్ లాంటి మందులు ఈ రకంలో చేతుల ఉలికిపాటును ఎక్కువ చేయగలవు. ఒకే ఒక్కసారి ఫిట్స్ వచ్చి, ఇంకే ఆధారమూ లేకపోతే మాత్రలు మొదలుపెట్టకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన వైద్యమే, కాబట్టి ఏ కారణంతో రాశారో డాక్టరును సూటిగా అడగండి, అడగడం తప్పేం కాదు.

రూమ్మేట్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం, ఇవేవీ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇద్దరుంటే ఒకరు ఫోనులో వీడియో తీయాలి. ఆ వీడియో చూసి నేను చెప్పగలిగినంత, ఒక్కోసారి రెండు ఈఈజీలు చూసినా చెప్పలేను.

మా పాపకు 7 ఏళ్ళు, కె.ఆర్.పురంలో రెండో తరగతి. పాఠం మధ్యలో పరధ్యానంగా ఉంటోందని టీచరు రెండుసార్లు డైరీలో రాసింది. పిలిస్తే పలకదు, కొన్ని సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. శ్రద్ధ లేదని మేము తిడుతున్నాం. దీనికీ ఈఈజీ కావాలా?

కావాలి, ఆలస్యం చేయకుండా. పరధ్యానంగా ఉన్న పిల్ల భుజం తడితే ఈ లోకంలోకి వస్తుంది. తట్టినా రాకుండా, కళ్ళు ఆర్పుతూ 10 సెకన్లు ఆగిపోయి, మళ్ళీ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెడితే అది ఆబ్సెన్స్ అనే రకం ఫిట్స్ అయి ఉండవచ్చు. ఈఈజీ అన్నిటికన్నా బాగా ఉపయోగపడే జబ్బుల్లో ఇదొకటి. పరీక్షలో 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు, చాలామంది పిల్లల్లో అక్కడే, టెక్నీషియన్ కళ్ళ ముందే, అది వచ్చేస్తుంది. గీతల్లో సెకనుకు 3 చొప్పున ఒక స్పైకు, దాని వెంట ఒక అల జంటగా కనిపిస్తాయి. 1935లో అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ గుర్తించిన నమూనా అది, ఇప్పటికీ దాన్ని చూసే నిర్ధారిస్తాం. మందులు బాగా పనిచేస్తాయి, చాలామందిలో యుక్తవయసుకు వచ్చేసరికి పోతుంది కూడా. పాపను తిట్టడం మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి.

మాది హిందూపురం, ఉండేది యలహంకలో. మా ఆయన ఆదివారం నూనె పెట్టుకుని తలంటు పోసుకునేటప్పుడు మాత్రమే ఏదోలా అయిపోతారు. చెంబుతో వేడినీళ్ళు పోసుకుంటూ పోసుకుంటూ శూన్యంలోకి చూస్తారు, ఏదేదో గొణుగుతారు, ఆపమన్నా ఆపరు. తర్వాత గుర్తుండదు. ఈఈజీ నార్మల్. మా అత్తగారు దిష్టి తీయమంటున్నారు.

మీరు రాసిన తీరు చదవగానే నాకు అనుమానం పోయింది. వేడినీళ్ళ మూర్ఛ, హాట్ వాటర్ ఎపిలెప్సీ. ప్రపంచంలో చాలా చోట్ల ఇది అరుదు, మన దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, మామూలుగా చూస్తాం. 1980 నుంచి 1983 వరకు చూసిన 279 మంది వివరాలను బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు 1988లో ప్రచురించారు. ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలో ఎక్కువ. బాగా కాగిన నీళ్ళు చెంబుతో గబగబా నెత్తి మీద పోసుకోవడం, అంటే మన ఇళ్ళలో తలంటు పోసే పద్ధతే, దీన్ని రేపుతుంది. కొందరికి ఆ సమయంలో ఒక రకమైన హాయి కలిగి ఇంకా ఇంకా పోసుకుంటారు. మీ ఆయన ఆపకపోవడం మొండితనం కాదని అత్తగారికి చెప్పండి.

ఈఈజీ నార్మల్ రావడం ఇందులో మామూలే. వేడినీళ్ళు పడనప్పుడు మెదడు శాంతంగానే ఉంటుంది కదా, పరీక్ష గదిలో తల మీద వేడినీళ్ళు పోయరు. ఇక్కడ రోగ నిర్ధారణ అంతా మీరు రాసిన ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది.

గోరువెచ్చని నీళ్ళే వాడాలి. కొందరు తలకు చల్లటి నీళ్ళు పోసుకుని, ఒంటికి మాత్రం గోరువెచ్చనివి వాడతారు, అదీ మంచిదే. బాత్రూము గడియ పెట్టుకోకూడదు, నీళ్ళు కాగే బకెట్టు దగ్గర ఒంటరిగా వదలకూడదు. జాగ్రత్తలతో ఆగకపోతే, తలస్నానానికి ఒకటిన్నర రెండు గంటల ముందు క్లోబజామ్ అనే మాత్ర ఒకటి వేసుకోమని డాక్టర్లు రాస్తారు, అది సొంతంగా కొనుక్కుని వాడేది కాదు. కొంతమందికి కొన్నేళ్ళ తర్వాత నీళ్ళతో సంబంధం లేకుండా కూడా ఫిట్స్ మొదలవుతాయి కాబట్టి ఒక న్యూరాలజిస్టు దగ్గర ఫైలు ఉండాలి. ఉగాదికీ దీపావళికీ తలంటు మానక్కర్లేదు, వేడి తగ్గిస్తే చాలు.

నేను 28 ఏళ్ళ మహిళను, మూడేళ్ళుగా ఒకవైపు తలనొప్పి, వాంతులు. ఒక చోట ఈఈజీ తీసి ‘అసాధారణం, మూర్ఛకు అవకాశం’ అని రిపోర్టు ఇచ్చారు. నాకు ఎప్పుడూ ఫిట్స్ రాలేదు. వాల్‌ప్రోయేట్ మాత్రలు రాశారు. నెట్లో చూస్తే ఫిట్స్ మందని ఉంది. రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మీకు మూర్ఛ జబ్బు లేదు. ఫిట్స్ ఎప్పుడూ రాని మనిషికి కాగితం చూసి ఆ పేరు పెట్టకూడదు. మీ ఉత్తరంలోని లక్షణాలు మైగ్రేన్‌వి. మామూలు మైగ్రేన్‌కు ఈఈజీ అవసరమే లేదు, దాని వల్ల తేలేదీ లేదు, ఇదిగో ఇలాంటి భయం తప్ప. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, చదువు రాకపోవడం, అన్నిటికీ ‘బ్రెయిన్ మ్యాపింగ్’ అని పేరు పెట్టి ఈఈజీ రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళలో కూడా సుమారు 200 మందిలో ఒకరికి ఫిట్స్ తరహా స్పైకులు కనిపిస్తాయి, పిల్లల్లో ఇంకొంచెం ఎక్కువ. అది కాక కునుకు పట్టేటప్పుడు వచ్చే మామూలు అలలు, కనురెప్పల కదలిక, దవడ బిగించడం, వదులైన బిళ్ళ, ఇవన్నీ అనుభవం లేని కళ్ళకు జబ్బులా కనిపిస్తాయి.

మాత్ర సంగతి వేరు. వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌కే కాదు, మైగ్రేన్ తరచుగా రాకుండా ఆపడానికి కూడా వాడతారు. మీకు దేనికోసం రాశారో అడిగి తెలుసుకోండి. కానీ మీ వయసులో అంతకన్నా ముందు అడగాల్సిన సంగతి ఒకటుంది. వాల్‌ప్రోయేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు పుట్టుకతో లోపాలు, తెలివితేటల ఎదుగుదలలో ఇబ్బంది వచ్చే ప్రమాదం ఉంది, అందుకే పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకు, అందులోనూ మైగ్రేన్ కోసమైతే, దాన్ని పెట్టకూడదు. ఈ వారమే వెళ్ళి, ఫిట్స్ లేవన్న సంగతి స్పష్టంగా చెప్పి, మందు మార్చమని అడగండి.

మా చెల్లెలికి పెళ్ళయి ఏడాది. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు పడిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని పావుగంట, అరగంట కొట్టుకుంటుంది. మూడు రకాల మాత్రలు వాడినా తగ్గలేదు. ఊళ్ళో గాలి సోకిందన్నారు. ఇక్కడ వీడియో ఈఈజీ కోసం అడ్మిట్ అవ్వమంటున్నారు. నటిస్తోందని వాళ్ళ అత్తింటివాళ్ళ మాట. (అనంతపురం నుంచి ఒక అన్న)

అడ్మిట్ చేయండి. వీడియో ఈఈజీలో కెమెరా, ఈఈజీ రెండూ కలిపి రాత్రీ పగలూ నడుస్తాయి, అవసరమైతే కొన్ని రోజుల పాటు. అసలు ఘటన జరుగుతున్నప్పుడే మెదడులో ఏముందో అప్పుడు కనిపిస్తుంది. ఒళ్ళంతా కొట్టుకుంటూ స్పృహ లేనట్టు ఉన్నా గీతలు మెలకువలో ఉన్నట్టే సాగుతుంటే అది మూర్ఛ కాదు, మనసు మీద పడిన భారం శరీరం ద్వారా బయటికి వచ్చే జబ్బు. కళ్ళు గట్టిగా మూసుకోవడం, అరగంట సాగడం, మందులకు లొంగకపోవడం చూస్తే నాకు ఆ వైపే అనిపిస్తోంది, కానీ ఉత్తరం చదివి తేల్చేది కాదు, కొందరిలో రెండూ కలిసి ఉండటం కూడా చూశాం.

నటన అన్న మాట దయచేసి ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. ఆమె కావాలని చేయడం లేదు, ఆపుకోవడం ఆమె చేతిలో లేదు. దీనికి వైద్యం ఉంది, సైకియాట్రిస్టు, సైకాలజిస్టు కలిసి చేస్తారు, అవసరం లేని మాత్రలు మెల్లగా తగ్గిస్తారు. పెళ్ళయినప్పటి నుంచి అని మీరే రాశారు. అన్నగా మీరు ఒకసారి ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ ఇంట్లో ఎలా ఉందో అడగండి. కొట్టడం, వేధించడం లాంటివి ఉంటే డాక్టరుకూ చెప్పాలి.

మా నాన్నగారికి 70 ఏళ్ళు, లివరు జబ్బు. ఐసీయూలో మూడు రోజులుగా స్పృహ లేదు. ఫిట్స్ లేవు, కదలికే లేదు. అయినా 24 గంటల ఈఈజీ పెట్టాలంటున్నారు. బిల్లు కోసమేనని బంధువులు అంటున్నారు.

ఈ ఒక్కచోట బంధువుల మాట వినకండి. బయటికి ఏ కదలికా లేకుండా మెదడులో మాత్రం ఫిట్స్ ఆగకుండా నడుస్తూ ఉండవచ్చు, అది తెలుసుకోవడానికి ఈఈజీ తప్ప వేరే దారి లేదు. స్కానులో కనిపించదు. పట్టుకుంటే మందుతో ఆపగలిగే కారణం అది. అలా కాకుండా లివరు వల్లే మెదడు మందగిస్తే, మూడు దశలున్న నెమ్మది అలలు కనిపిస్తాయి, అప్పుడు దృష్టి లివరు మీద పెడతారు. రికార్డింగులో ఇప్పటిదాకా ఏం కనిపించింది, ఇంకా ఎంతసేపు పెట్టాలి అని రోజూ అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది.

ఫిట్స్ కాని జబ్బుల్లో ఈఈజీ గురించి ఇంకొకటి చెప్పాలి, అడగకపోయినా. చదువులో బాగుండే పిల్లవాడు నెలల వ్యవధిలో మతిమరుపు, చిరాకు, ఉన్నట్టుండి ఒళ్ళు జారిపోయినట్టు తూలడం మొదలుపెడితే ఈఈజీలో కొన్ని సెకన్లకోసారి పెద్ద అలలు క్రమంగా వస్తాయి. చాలా ఏళ్ళ కిందట వచ్చిన తట్టు వైరస్ మెదడులో మిగిలిపోయి చేసే జబ్బు అది, ఎస్ఎస్‌పీఈ. ఆపే మందు ఇంకా లేదు. 9వ నెలలో ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, ఆ రెండు తట్టు టీకాలు వేయించండి. అంగన్‌వాడీలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఈఈజీ అంటే తలకు కరెంటు పెడతారటగా? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ రికార్డు బయటికి తెలిస్తే పెళ్ళి అవుతుందా?

కరెంటు పెట్టరు. మెదడు నుంచి వచ్చేదాన్ని తీసుకుంటుంది తప్ప, మెషీను నుంచి తలలోకి ఏదీ వెళ్ళదు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, గర్భిణికి కూడా తీయవచ్చు. మీరు భయపడుతున్నది ఈసీటీ, అది పూర్తిగా వేరే, డిప్రెషన్ లాంటి వాటికి మత్తు ఇచ్చి చేసే వైద్యం.

పెళ్ళి సంగతికి వస్తే, హిందూ వివాహ చట్టంలో మూర్ఛను ఒకప్పుడు పెళ్ళికి అడ్డంకిగా రాశారు, 1999 సవరణలో తీసేశారు. దాచి పెళ్ళి చేయకండి. దాస్తే ఆ అమ్మాయి అత్తగారింట్లో దొంగచాటుగా మాత్రలు వేసుకోవాలి, భయంతో రెండు పూటలు ఎగ్గొడుతుంది, అప్పుడే ఫిట్స్ వస్తాయి.

వచ్చే వారం నిద్ర తగ్గించి చేసే ఈఈజీకి టైము ఇచ్చారు. ఎలా తయారై రావాలి?

ముందు రోజు తలస్నానం చేసి జుట్టు పూర్తిగా ఆరబెట్టుకోండి. నూనె, జెల్, కండిషనర్ వద్దు, నూనె తల మీద బిళ్ళలు సరిగా అంటుకోవు. ఖాళీ కడుపుతో రాకండి, టిఫిన్ తినే రండి, ఆకలికి కూడా గీతలు మారతాయి. కాఫీ మానేయండి, నిద్ర రాదు. మామూలుగా వేసుకునే మాత్రలు, డాక్టరు ఆపమని చెబితే తప్ప, ఆపవద్దు. రాత్రి ఎన్ని గంటలకు పడుకోవాలో, ఎన్నింటికి లేవాలో ల్యాబులో చెప్పినట్టే చేయండి, చిన్నపిల్లలైతే బస్సులోనో ఆటోలోనో దారిలో నిద్రపోకుండా చూసుకోవాలి, లేకపోతే అక్కడ పడుకోరు. పేస్టు షాంపూతో పోతుంది. ఆ రోజు మీరు బండి నడపకండి, తోడుగా ఒకరిని తెచ్చుకోండి.